అన్నం, పని, చదువు: కళాశాల ఆవరణలో ఆహార న్యాయం

పదో తరగతి దాటిన విద్యార్థి మధ్యాహ్నం ఏం తినాలన్న ప్రశ్నకు మన చట్టాల్లో జవాబు దొరకదు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ఆ హక్కును ఎనిమిదో తరగతి వరకు ఖాయం చేసింది. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో పదో తరగతి పిల్లలకూ అన్నం పెడుతున్నారు. ఆ తరువాత సంక్షేమ హాస్టలులో చోటు దొరికినవారి సంగతి వేరు. ఇంటి నుంచి వచ్చి పోయేవారి భోజనం వారి సొంత వ్యవహారం.

ధర్మపురి మండలంలోని ఒక ఊరి నుంచి జగిత్యాలకు డిగ్రీ చదువుకు వెళ్లే అమ్మాయిని ఊహించుకోండి. 2023 డిసెంబరు 9 నుంచి ఆమెకు ఆర్టీసీ బస్సులో టికెట్టు లేదు. కానీ పొద్దున ఏడింటి బస్సు అందాలంటే ఇంట్లో వంట అప్పటికే కావాలి. నాట్ల కాలంలో తల్లి అంతకు ముందే పొలానికి వెళ్లిపోతుంది. సద్ది కట్టుకోని రోజు ఆమె సాయంత్రం దాకా చాయ్‌తోనో, ఒక సమోసాతోనో గడుపుతుంది. ఇలాంటి ఆకలి హాజరు పట్టీలో కనిపించదు. ఈ పాఠంలో మనం చర్చించే విషయం దీనికి సంబంధించినదే: విద్యార్థులే కళాశాల ఆవరణలో ఆహారం పండించి, పంచి, ఆ పనికి వేతనం పొందే ఏర్పాటు ఎలా ఉండాలి?

భద్రత వేరు, న్యాయం వేరు

అందరికీ చాలినంత తిండి అందడం ఆహార భద్రత. ఆ తిండిని ఎవరు పండిస్తున్నారు, ఎవరికి ముందు అందుతోంది, ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, తినేవారు తల ఎత్తుకొని తినగలుగుతున్నారా అని అడిగితే అది ఆహార న్యాయం. క్షేత్రం కాబట్టి ధర్మపురివారికి అన్నదానం కొత్త మాట కాదు. దానం గొప్పదే. అయితే దానంలో పెట్టే చేయి, పట్టే చేయి వేరువేరు. న్యాయం ఆ రెండింటి మధ్య దూరాన్ని ప్రశ్నిస్తుంది.

మన ప్రాంతంలో దీనికి చక్కని ఉదాహరణ జహీరాబాదు దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు. వీటిలో ఎక్కువమంది దళిత స్త్రీలు. 1990ల్లో వారు పడావు పడిన భూములను సాగులోకి తెచ్చేందుకు రైతులకు అప్పులిచ్చారు. బాకీని జొన్నల రూపంలో వసూలు చేసుకొని ఊళ్లోనే నిల్వ చేశారు. పనులు దొరకని నెలల్లో పేద కుటుంబాలకు ఆ జొన్నలను తక్కువ ధరకు అమ్మారు. ఎవరు పేదలన్నది ఏ కార్యాలయమూ తేల్చలేదు; ఊరివారే అందరి ముందు కూర్చొని తేల్చారు. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ పురస్కారం ఇచ్చింది. మనకు ఇక్కడ ముఖ్యమైనది పురస్కారం కాదు. పండించిన చేతుల్లోనే పంచే అధికారం కూడా ఉండడం ముఖ్యం.

వారాలబ్బాయి, బోర్డింగు పిల్లవాడు

విద్యార్థి ఆకలికి పాత సమాజం చూపిన దారి 'వారాలు'. వేదమో శాస్త్రమో చదువుకోవడానికి వచ్చిన పేద పిల్లవాడికి సోమవారం ఒక ఇల్లు, మంగళవారం మరో ఇల్లు అన్నం పెట్టేది. ఆ ఏర్పాటు వల్ల ఎందరో పండితులయ్యారు, కాదనలేం. కానీ ఏ పిల్లవాడు ఏ గుమ్మం ముందు నిలబడవచ్చో కులం ముందే నిర్ణయించింది. మాల మాదిగల పిల్లలకు ఆ వారంలో ఒక్క రోజు కూడా లేదు.

దీనికి పూర్తిగా భిన్నమైన ప్రయోగం పొరుగున మహారాష్ట్రలో జరిగింది. భావూరావు పాటిల్ 1919లో రయత్ శిక్షణ్ సంస్థను స్థాపించారు. 1924లో ఆయన సాతారాలో ప్రారంభించిన బోర్డింగులో అన్ని కులాల పిల్లలు కలిసి వండుకొని, కలిసి తిన్నారు; పొలంలో పనిచేసి తమ ఖర్చులో కొంత తామే సంపాదించుకున్నారు. 1927లో గాంధీజీ ఈ బోర్డింగుకు ఛత్రపతి శాహూ పేరు పెట్టారు. 'సంపాదిస్తూ చదువుకో' అన్న పద్ధతి ఆ సంస్థకు గుర్తుగా నిలిచిపోయింది. వారాలబ్బాయికీ ఈ పిల్లవాడికీ తేడా కంచంలో కనిపించదు. మొదటివాడు గృహస్థుకు రుణపడ్డాడు, రెండోవాడు ఎవరికీ రుణపడలేదు.

పొలాస విద్యార్థులు

జగిత్యాల పక్కనే ఉన్న పొలాస పేరు రైతులకు బాగా తెలుసు. 'జగిత్యాల సన్నాలు' వరి రకం అక్కడి పరిశోధనా స్థానం నుంచే వచ్చింది. అక్కడే వ్యవసాయ కళాశాల కూడా ఉంది. వ్యవసాయ డిగ్రీ చివరి సంవత్సరంలో 'స్టూడెంట్ రెడీ' అనే కార్యక్రమం ఉంటుంది. దీన్ని దేశవ్యాప్తంగా 2015లో ప్రారంభించారు. అందులో ఒక భాగంగా విద్యార్థులు పల్లెల్లో ఉండి, రైతు వెంట పొలానికి వెళ్తారు. ఊరి నడుమ ముగ్గుతో, రంగులతో గ్రామపటం గీసి, చెరువు ఎక్కడ, బోర్లు ఎక్కడ, భూమి లేనివారి ఇళ్లు ఎక్కడ అని ఊరివారితోనే చెప్పించుకుంటారు. దీనికి స్టైపెండు ఉంటుంది. మరో భాగంలో విత్తనోత్పత్తి, పుట్టగొడుగుల పెంపకం వంటి చిన్న వ్యాపారాలను తామే నడిపి, లాభంలో వాటా తీసుకుంటారు. అంటే విద్యార్థి పనికి విలువ కట్టే పద్ధతి మన వ్యవస్థలో ఇప్పటికే ఉంది. అది బీఎస్సీ వ్యవసాయానికే ఎందుకు పరిమితం కావాలి? బీఏ, బీకాం విద్యార్థులు తోట లెక్కలు రాయలేరా?

జాతీయ సేవా పథకం ఉంది కదా అని మీరు అడగవచ్చు. 1969లో మొదలైన ఆ పథకంలో రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. అది స్వచ్ఛందం, వేతనం లేదు. సేవను సేవగా ఉండనివ్వాలి. రోజూ నీళ్లు పట్టాల్సిన తోటను దాని కింద నడపడం మాత్రం ఉచిత చాకిరీ అవుతుంది.

సముద్రం అవతల

మన కరీంనగర్, జగిత్యాల పిల్లలు అమెరికా వెళ్లిన మొదటి నెలలోనే వెతికేది క్యాంపస్‌లో ఉద్యోగం. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేయవచ్చు. చాలామందికి భోజనశాలలోనే పని దొరుకుతుంది. ఇక్కడ కంచం తీయని పిల్లవాడు అక్కడ వందల కంచాలు కడుగుతాడు, దాన్ని చిన్నతనంగా అనుకోడు. కెంటకీ రాష్ట్రంలోని బెరియా కళాశాల ట్యూషన్ ఫీజు తీసుకోదు. ప్రతి విద్యార్థీ వారానికి కనీసం 10 గంటలు పనిచేయాలి. ఆ పనుల్లో కళాశాల పొలం కూడా ఒకటి. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 1993లో విద్యార్థులే తోటి విద్యార్థుల కోసం ఆహార నిధిని ప్రారంభించారు. ధనిక దేశంలోనూ చదువుకునేవారికి ఆకలి ఉంటుందని, దాన్ని దాచుకోనక్కరలేదని ఆ నిధి ఒప్పుకొంది.

పది గుంటల లెక్క

ఒక డిగ్రీ కళాశాలలో పది గుంటల జాగా, ఒక బోరు ఉన్నాయనుకుందాం. పన్నెండు మంది విద్యార్థులు వారానికి 10 గంటల చొప్పున పనిచేస్తారు. తెలంగాణలో 2024-25లో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఎనిమిది గంటల రోజుగా లెక్కేస్తే గంటకు 37.50. ఒక్కొక్కరికి వారానికి 375, నాలుగు వారాలకు 1,500, పన్నెండు మందికి 18,000 రూపాయలు.

పది గుంటల్లో ప్రతి నెలా అంత విలువైన కూరగాయలు పండవు. తోట తన ఖర్చు తానే భరిస్తుందని చెప్పేవారిని నమ్మవద్దని నా సలహా. తోటకూర, పాలకూర నెల రోజుల్లో కోతకు వస్తాయి. పుంటికూర మళ్లీ మళ్లీ కోసుకోవచ్చు. వానాకాలంలో పెట్టిన చిక్కుడు చలికాలంలో కాస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ముదురుతుంది, సెలవులకు విద్యార్థులు వెళ్లిపోతారు, జూన్‌లో తిరిగి వచ్చేసరికి గడ్డి మిగులుతుంది. మన వైపు కోతుల బెడద చెప్పనే అక్కరలేదు. వాటి వల్ల కూరగాయలే మానేసిన రైతులున్నారు. కాబట్టి ఈ వేతనాన్ని ప్రయోగశాల ఖర్చులాగా చదువు ఖర్చుగా చూడాలి. సెలవుల్లో నీళ్లు పట్టే ఇద్దరికి వేసవి వేతనం ముందే కేటాయించాలి. హాస్టలు మెస్సు ఉంటే తోట కూరలను బజారు ధరకే కొనాలి, ఊరికే తీసుకోకూడదు.

డబ్బు కన్నా కష్టమైనది పని పంపకం. ఎవరూ పట్టించుకోకపోతే కూరలు తరగడం అమ్మాయిల మీద, ఎరువు గుంత శుభ్రం చేయడం కొన్ని కులాల పిల్లల మీద పడుతుంది. రిజిస్టరు మాత్రం మరొకరి చేతిలో ఉంటుంది. నెలనెలా పనులు మారాలి, ఆ మార్పు గోడ మీద రాసి ఉండాలి. అలాగే, మధ్యాహ్నం తిండి లేనివారి జాబితా అందరి ముందు చదవకూడదు. పస్తాపూర్‌లో బహిరంగంగా తేల్చడం ఊరికి సరిపోయింది; పద్దెనిమిదేళ్ల పిల్లలకు అదే అవమానం అవుతుంది. ఎవరు అడిగితే వారికి, కారణం అడగకుండా ఇవ్వడమే ఇక్కడ సరైన పద్ధతి.

అభ్యాసం

మీలో చాలామంది పనిచేస్తూనే చదువుతున్నారు. కొందరు బడుల్లో మధ్యాహ్న భోజనం వండుతూ ఉండవచ్చు. ఈ విషయం మీద మీకున్న అనుభవం పుస్తకాలకు లేదు. మీకు దగ్గరలోని ఒక కళాశాలకో, గురుకులానికో అనుమతి తీసుకొని వెళ్లండి. అక్కడ ఖాళీ జాగా ఎన్ని గుంటలు, నీటి ఆధారం ఏది, చేతులు కడిగిన నీరు ఎటు పోతోంది, వారానికి ఎన్ని కిలోల కూరగాయలు ఎక్కడి నుంచి కొంటున్నారు, మిగిలిన అన్నం ఏమవుతోంది అన్నవి రాసుకోండి. తరువాత వంట చేసేవారితో అరగంట మాట్లాడి, మెనూ నిర్ణయంలో వారి మాట ఎంతవరకు చెల్లుతోందో అడిగి, ఒక పేజీకి మించకుండా నివేదిక రాయండి.