కల్లం మీది కరెంటు లెక్క

శిలాజ ఇంధనాలు, కాలుష్యం, స్వచ్ఛ ఇంధనం. నిజామాబాద్ జిల్లా ఆర్మూరు పిల్లలకు ఈ మూడు పాఠాలూ ఒక్క ఎకరం పసుపులోనే దొరుకుతాయి. గుణకారం, భాగహారం వస్తే చాలు.

పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న ఆదేశించింది. ముప్పయ్యేళ్లు దాటాయి. శిలాజ ఇంధనాలేవని అడిగితే పిల్లలు బొగ్గు, పెట్రోలియం, సహజవాయువు అని గుక్క తిప్పుకోకుండా చెబుతారు. డిసెంబరు 14న ఇంధన పొదుపు దినోత్సవం వస్తే చార్టు మీద సూర్యుణ్ణి, గాలిమరను గీస్తారు. అదే పిల్లల్ని మీ పొలంలో మోటారు ఆరు గంటలు నడిస్తే ఎంత బొగ్గు కాలుతుందని అడిగితే తెల్లముఖం వేస్తారు. వాళ్లను అనడానికి లేదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది, దానికి బిల్లు రాదు. కల్లంలో పసుపును ఎండబెట్టే ఎండకూ బిల్లు రాదు. బిల్లు రానిదాన్ని ఇంట్లో ఎవరూ లెక్కపెట్టరు. ఆ లెక్క బడి కట్టాలి.

మోటారు: 22 యూనిట్లు, 15 కిలోల బొగ్గు

ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. 5 హెచ్‌పీ మోటారు గంటకు 3.73 యూనిట్లు తింటుంది. ఆరు గంటలకు, మధ్యలో పోయే నష్టాలు వదిలేసినా, 22 యూనిట్లు. మన దేశపు థర్మల్ కేంద్రాల్లో ఒక్కో యూనిట్‌కు దాదాపు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. ఆ కరెంటంతా బొగ్గుదే అనుకుంటే ఒక్క తడికి 15 కిలోల బొగ్గు పోయినట్టు. మన బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే కాబట్టి 5 కిలోల బూడిద మిగులుతుంది, 21 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. పసుపు ఎనిమిది, తొమ్మిది నెలల పంట. ఎన్ని తడులు పెట్టారో ఇంట్లో అడిగి హెచ్చవేసే పని పిల్లలదే.

ఆ బొగ్గు గోదావరి లోయది. పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన అడవులు నేలలో కూరుకుపోయి బొగ్గయ్యాయి. ఇల్లందు దగ్గర దాని ఆనవాళ్లను భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో గుర్తించాడు. దాన్ని తవ్వే సింగరేణి కాలరీస్ 1920లో ఏర్పడింది.

డీజిల్: లీటరుకు 2.6 కిలోలు

దుక్కికీ, ఎండిన పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము తిప్పడానికీ, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు బస్తాలు చేరవేయడానికీ ట్రాక్టరే. లీటరు డీజిల్ బరువు సుమారు 830 గ్రాములు. అది కాలితే 2.6 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కిలో కూడా లేనిది రెండున్నర కిలోలు దాటడం ఎట్లా? తొమ్మిదో తరగతి పిల్లలకు నచ్చే చిక్కుముడి ఇది. డీజిల్‌లో 86 శాతం కార్బన్, అంటే సుమారు 710 గ్రాములు. కార్బన్ పరమాణు భారం 12. కాలేటప్పుడు అది గాలిలోని రెండు ఆక్సిజన్ పరమాణువులను, అంటే ఇంకో 32ను పట్టుకుని 44 అవుతుంది. 710ని 44తో హెచ్చవేసి 12తో భాగిస్తే 2,600 గ్రాములు. పెరిగిన బరువంతా గాలి నుంచి వచ్చిందే.

ఇలాంటి లీటర్లు, టన్నులు ప్రపంచమంతా కలిసే వాతావరణం మారింది. హవాయిలోని మౌనా లోవాలో కొలతలు మొదలైన 1958లో గాలి పది లక్షల భాగాల్లో కార్బన్ డయాక్సైడ్ 315 భాగాలు. 2024లో అది 420కి పైనే ఉంది.

యూరియా: కంటికి కనిపించని ఇంధనం

పొగ లేదు కాబట్టి యూరియాను ఎవరూ ఇంధనం ఖాతాలో వేయరు. కానీ అది తయారయ్యేది సహజవాయువుతో. రామగుండంలో ఒకప్పుడు బొగ్గుతో ఎరువు తయారుచేసిన కర్మాగారం మూతపడింది. అక్కడే గ్యాస్ ఆధారిత కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. టన్ను యూరియాకు సుమారు 55 లక్షల కిలోకేలరీల శక్తి కావాలి. ఈ లెక్కన 45 కిలోల బస్తా ఒక్కటి పాతిక లీటర్లకు పైగా డీజిల్‌తో సమానం.

కట్టెలు: రెండు ఖాతాలు

తవ్విన పసుపును ఉడకబెట్టాలి. వెనుకట పెద్ద కడాయిల కింద కట్టెలు మండేవి, ఇప్పుడు ఆవిరి బాయిలర్లు వచ్చాయి. చెట్టు కొన్నేళ్ల కిందట గాలి నుంచి తీసుకున్న కార్బన్నే కట్టె తిరిగి ఇస్తుంది. మళ్లీ చెట్టు పెరిగితే ఆ ఖాతా సరి. పొగ ఖాతా వేరు. కట్టెల పొగలోని సన్నని ధూళి, పీఎం 2.5, ఊపిరితిత్తుల లోతుకు దిగుతుంది. ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటున అది 60 మైక్రోగ్రాములు మించకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన గీత 15. పునరుత్పాదకమైనంత మాత్రాన పొగ లేనట్టు కాదని పిల్లలకు తెలియాలి.

ఎండ: ఎకరానికి 5,000 యూనిట్లు

ఎకరానికి 100 క్వింటాళ్ల పచ్చి పసుపు వచ్చిందనుకుందాం. ఉడికి, ఎండితే మిగిలేది 20 నుంచి 25 క్వింటాళ్లు. తక్కువ పక్షం చూసినా 75 క్వింటాళ్ల నీరు, అంటే 7,500 కిలోలు, ఆవిరైపోయింది. కల్లం వేడిమిలో కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్లు కావాలి. మొత్తం కోటీ 80 లక్షల కిలోజౌళ్లు. యూనిట్‌కు 3,600 చొప్పున భాగిస్తే 5,000 యూనిట్లు.

నెలకు 100 యూనిట్లు వాడే ఇంటికి అది నాలుగేళ్ల కరెంటు. బొగ్గు కరెంటుతో ఆ నీటిని ఆవిరి చేస్తే మూడున్నర టన్నుల బొగ్గు కావాలి. డీజిల్ వేడి ఒక్క చుక్కా వృథా కాదనుకున్నా 500 లీటర్లు పోయాలి.

మరి సోలార్ ప్యానెళ్లతో? ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు 4 యూనిట్లు ఇస్తాయి. 15 రోజుల్లో 5,000 యూనిట్లు రావాలంటే 83 కిలోవాట్లు, అంటే ఇంటికి 3 కిలోవాట్ల చొప్పున 28 ఇళ్ల మిద్దెల మీది ప్యానెళ్లన్నీ కావాలి. ప్యానెల్ తన మీద పడిన ఎండలో అయిదో వంతునే కరెంటు చేయగలదు. కల్లంలో ఎండ వేడి నేరుగా కొమ్ములకు అందుతుంది. స్వచ్ఛ ఇంధనం అనగానే నీలిరంగు పలకలే గుర్తొచ్చే పిల్లలకు ఇది కొత్త సంగతి. వేడి కావాల్సిన చోట ఎండను వేడిగానే వాడుకోవాలి. మోటారు తిరగాల్సిన చోట కరెంటుగా మార్చుకోవాలి.

మరి బొగ్గు ఎందుకు పోలేదు?

ఆర్మూరుకు దగ్గర్లోని పోచంపాడు జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 36 మెగావాట్లు. కాకతీయ కాలువకు నీళ్లు వదిలితేనే అది తిరుగుతుంది. రామగుండం ఎన్టీపీసీ పాత థర్మల్ కేంద్రం 2,600 మెగావాట్లు, అంటే 72 పోచంపాడులు. ఆ ఎన్టీపీసీ జలాశయం మీదే 500 ఎకరాల్లో 100 మెగావాట్ల తేలియాడే సోలార్ 2022 జులై 1 నుంచి పూర్తిగా పనిచేస్తోంది. దానివల్ల ఏడాదికి 1.65 లక్షల టన్నుల బొగ్గు మిగులుతుందని, 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా ఆగుతుందని అంచనా.

ఇక్కడ పిల్లలు మెగావాట్లకూ యూనిట్లకూ తేడా పట్టుకోవాలి. 100 మెగావాట్ల బొగ్గు కేంద్రం రోజంతా నడిస్తే 24 లక్షల యూనిట్లు. అంతే సామర్థ్యమున్న సోలార్ ఇచ్చేది సుమారు 4 లక్షలు. రాత్రి ఉండదు, మబ్బు పడితే తగ్గుతుంది. మార్చిలో అకాల వాన కురిసి కల్లంలో పసుపు తడిసిన ఇంటి పిల్లలకు ఎండను నమ్ముకుంటే ఉండే కష్టం వేరే చెప్పనక్కర్లేదు. బొగ్గు అడిగినప్పుడల్లా పలుకుతుంది, అందుకే ఇంకా ఉంది. దాని ఖర్చు బూడిదగా, పొగగా, వేడెక్కే వాతావరణంగా వేరొకరి మీద పడుతుంది. రెండువైపులా చెప్పకపోతే అది పాఠం కాదు, నినాదం.

బడిలో నాలుగు పనులు

ఒకటి, ఇంటి మీటరు రీడింగు వారం రోజులు రాయించి యూనిట్లను 0.7తో హెచ్చవేయించాలి. వచ్చినవి కిలోల బొగ్గు. రెండు, ట్రాక్టరుకు పోసిన డీజిల్ లీటర్లను 2.6తో. మూడు, కిలో ఉడికిన పసుపును బడి ఆవరణలో ఎండబెట్టి రోజూ తూకం వేయించాలి. తగ్గిన ప్రతి కిలోకు యూనిట్‌లో మూడింట రెండు వంతులు ఎండ ఖాతాలో జమ. నాలుగు, పొలంలో ఏ పని పగటికి మార్చవచ్చో, ఏది రాత్రే చేయక తప్పదో పెద్దల్ని అడిగి పట్టిక రాయించాలి. పగటి తడికి సోలార్ సరిపోతుంది, రాత్రి తడికి చాలదు.

కేంద్రం 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డును ప్రారంభించింది. రేపు ఊళ్లోకి పసుపు ఆరబెట్టే యంత్రం వస్తే, ఈ లెక్కలు కట్టిన పిల్లలు ధర ఒక్కటే అడిగి ఊరుకోరు. క్వింటాకు ఎన్ని యూనిట్లు, లోపల మండేదేమిటి, మబ్బు రోజున ఏం చేస్తుంది అని అడుగుతారు. అమ్మేవాళ్లు జవాబులతో రావాల్సి ఉంటుంది.