ఒకే వారిని పలుమారు పరిశీలించుట

జనాభా లెక్క ఆ యేటి తెలుగువారి సంఖ్యను చెప్పును. ఏ బాలుడు ఎప్పుడు మాతృభాష చదువు మానెనో చెప్పజాలదు. అందులకు ఒకే వారిని ఏండ్ల తరబడి మరల మరల పరిశీలింపవలెను.

1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణమున 5,209 మందిని ఇట్లు పరీక్షింప నారంభించిరి. అధిక రక్తపుపోటు, పొగత్రాగుట హృద్రోగమునకు కారణములగునని దానివలన స్థిరపడినది. 2002లో ఆంధ్రప్రదేశమున ‘యంగ్ లైవ్స్’ పరిశోధకులు సుమారు మూడువేల బాలబాలికల జీవితములను అనుసరింప మొదలిడిరి.

ఇందొక చిక్కు కలదు. నడుమ తప్పిపోయినవారిని విడిచినచో, నిలిచినవారి స్థితియే అందరిదని భ్రమ కలుగును. మన బడులలోను మిగిలిన పిల్లల తెలుగును మెచ్చుకొందుము, వెడలిపోయినవారిని లెక్కింపము.

కావున, సోదరులారా, హాజరుపట్టీలో కొట్టివేసిన పేర్లను భద్రపరచుడు. ఏటేట వారి జాడ తీయుడు. మన భాష ఎచట జారిపోవుచున్నదో ఆ పేర్లే చెప్పగలవు.