నీలి కోటు లోపలి పిల్లాడు: టీవీ పాత్రకు ప్రాణం ఎక్కడ్నుంచి వస్తది?

మొన్నటి ఏప్రిల్ 14న హుజూర్‌నగర్‌లో ఒక అంబేద్కర్ జయంతి సభకు వెళ్లాం. పాటలు అయిపోయాక తొమ్మిదేళ్ల పిల్లాడికి నీలి కోటు, కళ్లద్దాలు తొడిగి, చంకలో లావుపాటి పుస్తకం పెట్టి వేదిక ఎక్కించారు. కుడి చెయ్యి చాపి చూపుడువేలు ఎత్తి నిలబడటమే వాడి పని. పెద్దలు ఉపన్యాసాలు ఇస్తున్నంతసేపూ వాడు అట్లాగే నిలబడ్డాడు. చెయ్యి గుంజుతున్నా దించలేదు. ఫోన్లన్నీ వాడి వైపే తిరిగాయి. వాడికి మాత్రం ఒక్క మాట కూడా లేదు. కిందికి దిగగానే మంచినీళ్లు అడిగాడు.

ఆ రాత్రి మా మధ్య నడిచిన చర్చే ఈ వ్యాసం. దళితుల పాత్రలు టీవీ తెర మీద ఎట్లా వస్తున్నాయి, ఎందుకు కొన్ని మనసులో నిలుస్తాయి, ఎందుకు చాలావరకు నిలవవు అన్నది మా పరిశోధనలో ఒక భాగం. లెక్కలు వేయడం సులువే: ఎన్ని పాత్రలు, ఎంతసేపు, ఏ పనిలో. అయితే ఆ పిల్లాడిని చూశాక మాకు వేరే ప్రశ్న ముఖ్యమైంది. మనకు ఎంతో ఇష్టమైన మనిషిని కూడా మనమే ఒక విగ్రహంగా మార్చి వేదిక మీద నిలబెడుతున్నామా?

అంబేద్కర్ తన తొమ్మిదో ఏట జరిగిన సంఘటనను ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో స్వయంగా రాసుకున్నారు. 1901 నాటి మాట. తండ్రి కోరేగావ్‌లో కొలువు చేస్తున్నాడు. సెలవులకు ఆయన దగ్గరికి పోదామని భీమ్, అన్న, అక్క కొడుకు కొత్త బట్టలు వేసుకుని సాతారా నుంచి రైలెక్కారు. మసూర్ స్టేషన్‌లో దిగితే తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. బట్టలు చూసి ఏ పెద్దింటి పిల్లలో అనుకున్న స్టేషన్ మాస్టర్ దగ్గరికొచ్చి వివరాలు అడిగాడు. మహార్లమని పిల్లాడు చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది, వెనక్కి జరిగాడు. బండివాళ్లు ఎక్కించుకోమన్నారు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు గానీ, బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడుస్తానన్నాడు. వెంట తెచ్చుకున్న తిండి ఉంది, తాగడానికి నీళ్లు లేవు. రాత్రి టోల్ కట్టే చోట, బండివాడు చెప్పినట్టు, తాము ముసల్మానులమని భీమ్ ఉర్దూలో చెప్పి నీళ్లు అడిగాడు. అయినా నీళ్లు దొరకలేదు.

ఈ కథలో మమ్మల్ని ఎప్పుడూ ఆపేసేది ఆ అబద్ధం. దాహం కోసం ఒక పిల్లాడు తన కులం దాచుకున్నాడు. పెద్దయ్యాక ఆ సంగతి దాచకుండా రాశాడు. పాత్ర అంటే మా దృష్టిలో ఇదే. ఆ పిల్లాడికి ఒక కోరిక ఉంది, నాన్న దగ్గరికి చేరడం. దానికి కులం అడ్డం పడింది. అప్పుడు ఏం చేయాలో వాడే తేల్చుకున్నాడు, ఆ తేల్చుకోవడంలో భయమూ తెలివీ పొరపాటూ అన్నీ ఉన్నాయి. చూపుడువేలు ఎత్తిన నీలి కోటులో ఇవేవీ లేవు. ఆయనను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆ వేలు వెనక ఎంత దూరం నడక ఉందో వేదిక మీదున్న పిల్లాడికి ఎవరూ చెప్పలేదన్నదే మా బాధ.

టీవీ ఆ నడకను చూపే ప్రయత్నం చేసింది. 2019 మేలో స్టార్ ప్రవాహ్ మరాఠీలో అంబేద్కర్ జీవితాన్ని సీరియల్‌గా మొదలుపెట్టింది, సాగర్ దేశ్‌ముఖ్ ఆ పాత్ర వేశారు. అదే ఏడాది డిసెంబర్ 17న అండ్ టీవీలో హిందీలో ‘ఏక్ మహానాయక్’ వచ్చింది. అందులో చిన్న భీమ్‌గా ఆయుధ్ భానుశాలి నటించాడు. 2020 జులై నుంచి జీ కన్నడ దాన్ని ‘మహానాయక’ పేరుతో డబ్ చేసి వేసింది. అక్కడ జరిగింది మామూలు సీరియల్‌కు జరిగేది కాదు. ఊళ్లల్లో యువకులు చందాలు వేసుకుని సీరియల్‌కు ఫ్లెక్సీలు కట్టారు. ఆపేయాలంటూ చానల్ బిజినెస్ హెడ్ రాఘవేంద్ర హుణసూరుకు అర్ధరాత్రి ఫోన్లు, బెదిరింపులు వచ్చాయి. ఆపేది లేదని ఆయన బహిరంగంగానే చెప్పారు. మరిన్ని ఫ్లెక్సీలు లేచాయి.

సీరియల్‌గా చూస్తే దానిలో లోపాలు లేకపోలేదు. రోజూ అరగంట నింపాలి కాబట్టి కుట్రలు పెరుగుతాయి, కుట్రదారుడి ముఖం మీదికి కెమెరా మూడుసార్లు పోతుంది, చిన్న పిల్లాడు ప్రతి వాదంలోనూ పెద్దలను ఓడిస్తాడు. అయినా జనం ఎందుకు అతుక్కుపోయారు? విగ్రహం దగ్గరికి ఏడాదికి రెండుసార్లు పోతాం. సీరియల్ పిల్లాడు రోజూ సాయంత్రం ఇంట్లోకే వస్తాడు. వాడికి అమ్మ ఉంది, తండ్రి మందలింపు ఉంది, బడిలో దూరంగా కూర్చోవాల్సిన చోటు ఉంది. అట్లా దూరంగా కూర్చున్న అనుభవం ఉన్న ఇళ్లల్లో దాన్ని ఇంకెవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఇక్కడ ఒక తేడా గుర్తించాలి. స్ఫూర్తి ఇవ్వడం వేరు, పాత్రకు లోతు ఉండటం వేరు. రెండూ కలిసే వస్తాయని విమర్శకులు మాట్లాడుతుంటారు. నిజానికి చాలాసార్లు విడివిడిగానే వస్తాయి.

1966లో అమెరికాలో మొదలైన ‘స్టార్ ట్రెక్’లో ఉహురా అనే నల్లజాతి అధికారి పాత్రను నిచెల్ నికోల్స్ వేసింది. ఓడలో సందేశాలు అందుకోవడమే ఆమె పని, చెప్పుకోదగ్గ కథ ఆమెకు పెద్దగా ఇవ్వలేదు. మానేద్దామనుకున్న ఆమెను, వద్దు, నువ్వు అక్కడ కూర్చోవడమే ముఖ్యమని మార్టిన్ లూథర్ కింగ్ ఒప్పించాడు. ఆ పాత్రను చూస్తూ పెరిగిన మే జెమిసన్ 1992లో అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి నల్లజాతి మహిళ అయింది. పాత్రలో లోతు తక్కువే. కానీ ఆ కుర్చీలో తనలాంటి మనిషి కూర్చోవడమే చూసే పిల్లకు చాలినంత అయింది.

దీనికి పూర్తిగా తిరగేసిన ఉదాహరణ మన దూరదర్శన్‌లో ఉంది. సత్యజిత్ రే 1981లో ప్రేమ్‌చంద్ కథను ‘సద్గతి’గా తీశాడు. కూతురి పెళ్లి సంబంధానికి ముహూర్తం అడగడానికి దుఖీ పండితుడి ఇంటికి పోతాడు. పండితుడు వాకిలి ఊడ్పిస్తాడు, మోతలు మోయిస్తాడు, చివరికి ఒక మొండి దుంగను చీల్చమంటాడు. తిండి లేని మనిషి ఆ దుంగ దగ్గరే చచ్చిపోతాడు. ఓంపురి ఆ గొడ్డలి దెబ్బలు వేసే తీరు చూడండి. మొదట అవి వెట్టి దెబ్బలు. పోనుపోను వాటిలో కోపం చేరుతుంది. నోరు తెరిచి ఒక్క మాట అనలేని మనిషి కోపమంతా దుంగ మీద పడుతుంది. పాత్ర చిత్రణ అంటే ఏమిటని ఎవరైనా విద్యార్థి అడిగితే మేం ముందుగా చూపించేది ఆ దృశ్యమే. 1988లో గోవింద్ నిహలానీ తీసిన ‘తమస్’లో నత్థూ కూడా అంతే. ఐదు రూపాయలు చేతిలో పెట్టి ఒక పందిని చంపించుకుంటారు. అది మసీదు మెట్ల మీద తేలి ఊరు తగలబడ్డాక, తన చేతులతో ఏం చేయించారో తెలిసి ఆ మనిషి లోలోపల కుమిలిపోతాడు. గొప్ప పాత్రలు. కానీ దుఖీలాగా, నత్థూలాగా బతకాలని ఏ పిల్లాడూ అనుకోడు. ఆ రెండింటిలోనూ దళితుడు అర్థం చేసుకోవాల్సిన మనిషే, వెంట నడవాల్సిన మనిషి కాదు.

మరి తెలుగు సీరియళ్ల సంగతి? ఇక్కడ ముందుగా కనబడేది మౌనం. 2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో వచ్చిన ‘కార్తీకదీపం’ గురించి హుజూర్‌నగర్‌లో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. నల్లగా ఉందని అత్త ఈసడించుకున్న దీప, మొగుడు అనుమానించినా తలవంచక, వంటలు చేసి బిడ్డను సాకిన వంటలక్క. మిర్చి ఏరడానికి పోయొచ్చిన ఆడవాళ్లు రాత్రి ఏడున్నరకు ఆమె కోసం కూర్చున్నారంటే ఊరికే కాదు. తన కష్టంతో తాను తినే ఆడమనిషి ఆత్మగౌరవం వాళ్లకు తెలిసిన విషయం. కానీ ఒకటి గమనించాలి. నటి ప్రేమి విశ్వనాథ్ ఛాయను మేకప్‌తో నల్లబరిచారు. మన సమాజంలో రంగు ఈసడింపుకు, కుల ఈసడింపుకు ఉన్న చుట్టరికం అందరికీ తెలుసు. సీరియల్ మాత్రం నలుపు వల్ల పడే అవమానం మొత్తం వాడుకుని, కులం అన్న మాట దగ్గరికి రాగానే నోరు మూసుకుంది. మా తోటి పరిశోధకురాలు దీన్ని ‘ఇల్లు చూపించి వాడ దాచడం’ అంటుంది. అంతకంటే బాగా మేం చెప్పలేం.

భాష విషయంలో కొంత మార్పు వచ్చింది. వి6 ‘తీన్మార్’లో బిత్తిరి సత్తి, సావిత్రి తెలంగాణ యాసను వార్తల్లోకి తెచ్చారు. అంతకుముందు తెర మీద ఆ యాస రౌడీలకు, పనివాళ్లకు, నవ్వులాటకే పనికొచ్చేది. అయితే సత్తి కూడా నవ్వించాల్సిన పాత్రే, పేరులోనే ‘బిత్తిరి’ ఉంది. మన మాట సూటిగా, కోపంగా, ప్రేమగా మాట్లాడే కథానాయిక సీరియల్‌లో ఇంకా రావాల్సే ఉంది.

సీరియల్ దాచిన వాడను వార్తా చానల్ చూపిస్తుంది, ఎవరైనా చచ్చిపోయినప్పుడు. 2018 సెప్టెంబర్ 14న మా పక్కనే ఉన్న మిర్యాలగూడలో పెరుమాళ్ల ప్రణయ్‌ను ఆసుపత్రి బయట నరికి చంపారు. సీసీ కెమెరాకు చిక్కిన ఆ కొన్ని సెకన్లను చానళ్లు ఎన్నిసార్లు తిప్పి తిప్పి వేశాయో లెక్క లేదు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవితఖైదు వేసిన రోజు కూడా మళ్లీ అవే సెకన్లు. ఒక యువకుడి ఇరవై ఏళ్లకు పైబడిన బతుకులో టీవీకి దొరికింది అంతేనా? చంపిన క్షణం తప్ప బతికిన రోజులు లేని మనిషిని తెర మీద చూస్తూ పెరిగే పిల్లలు ప్రేమ గురించి ఏం నేర్చుకుంటారు? భయమే కదా. కులాంతర జంట వెంటాడే హింసను కథగా తీసుకుని 2024 జూన్‌లో జీ5లో ‘పరువు’ వెబ్ సిరీస్ వచ్చింది. ఓటీటీలో మాట్లాడగలిగిన దాన్ని, రోజూ ఇంటింటికీ చేరే సీరియల్ ఇంకా ముట్టుకోవడం లేదు.

లోతూ స్ఫూర్తీ కలిసొచ్చిన పాత్రలు కూడా ఈ మధ్య ఓటీటీలోనే దొరుకుతున్నాయి. 2023లో వచ్చిన ‘దహాడ్’లో రాజస్థాన్ ఎస్సై అంజలి భాటీ. ఆమె తన బల్ల దగ్గర నుంచి నడిచిన ప్రతిసారీ స్టేషన్‌లోని ఒక ఉద్యోగి అగరుబత్తి వెలిగిస్తాడు. ఆమె చూస్తుంది, నడిచిపోతుంది. తపాకులు పేల్చే సీన్ల కంటే ఆ అగరుబత్తి ఎక్కువ చెబుతుంది. ఇంట్లో తల్లి పెళ్లి గొడవ, పనిలో మొండితనం, ఇంటిపేరు మార్చుకున్న కుటుంబం. కథ చివరికి ఆమె తన పాత ఇంటిపేరు మేఘ్వాల్‌ను మళ్లీ తీసుకుంటుంది. హంతకుడు దొరకడం కంటే మాకు అదే పెద్ద ముగింపు. అదే ఏడాది ‘మేడ్ ఇన్ హెవెన్’ రెండో సీజన్‌లో నీరజ్ ఘేవాన్ తీసిన భాగంలో పల్లవి మేన్కే, బాగా చదువుకున్న దళిత వధువు, పెళ్లిలో బౌద్ధ పద్ధతి కూడా ఉండాలంటుంది. పెళ్లికొడుకు మంచివాడే, కానీ ఇప్పుడెందుకు అంటాడు. మంచివాళ్ల ‘ఇప్పుడెందుకు’తో తగవు పడటం ఎంత కష్టమో మనలో ప్రేమించి పెళ్లి చేసుకున్నవాళ్లను అడగండి.

ఈ రెండిటిలోనూ చిక్కులున్నాయి. అంజలి పాత్ర వేసింది సోనాక్షి సిన్హా, పల్లవిగా రాధికా ఆప్టే. తన జీవితం, తన రచనల నుంచి తీసుకుని పేరు చెప్పలేదని రచయిత్రి యషికా దత్ పల్లవి పాత్ర మీద అభ్యంతరం చెప్పింది, నిర్మాతలు కాదన్నారు. పాత్ర మనదైతే చాలదు, రాసే గదిలో మనం ఉండాలన్న వాదానికి ఆ గొడవ బలం చేకూర్చింది. ఘేవాన్ దళితుడు కాబట్టే ఆ పెళ్లిమండపంలో అంబేద్కర్ పటం అలంకారంలా కాకుండా ఇంటి పెద్దలా కనిపించిందని మా అభిప్రాయం.

జయంతి అయిన వారానికి అదే పిల్లల దగ్గరికి మళ్లీ వెళ్లాం. మసూర్ స్టేషన్ కథ చదివి వినిపించాం. వచ్చే ఏడాది నీలి కోటు బదులు ఈ బండి కథనే నాటకంగా వేద్దామన్నారు. రెండు కుర్చీలు బండి అయ్యాయి. నీలి కోటు పిల్లాడే భీమ్. ముసల్మానులమని అబద్ధం చెప్పే చోట వాడు ఆగి, ‘అంబేద్కర్ అబద్ధం ఆడొచ్చా సార్?’ అని అడిగాడు. అక్కడే అరగంట వాదన నడిచింది. దాహమైతే ఎవరైనా ఆడతారని ఒకమ్మాయి, ఆయన రాసుకున్నాడు కదా, ఇక దాచేదేముందని ఇంకో పిల్లాడు. ఆ దృశ్యం ఉంచాలనే తేల్చారు. బండివాడి వేషానికి ముగ్గురు పోటీ పడ్డారు. స్టేషన్ మాస్టర్‌గా వెనక్కి జరగడానికి మాత్రం ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు.