కరకరంతా కలిపే వేళలోనే

అమెరికాలో తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుల్లో నూడుల్స్-క్యాబేజీ సలాడ్‌ది పాత చోటే. సన్నగా తరిగిన క్యాబేజీ, ఉల్లికాడలు, దోరగా వేయించిన బాదం పలుకులు, నువ్వులు, చేత్తో నలిపిన ఇన్‌స్టంట్ నూడుల్స్; పైన నూనె, వెనిగర్, పంచదార, ఉప్పు గిలకొట్టిన డ్రెస్సింగ్. దీని రుచంతా కరకరలోనే ఉంది. అది నిలవాలంటే ఏం వేశామన్న దానికన్నా ఎప్పుడు కలిపామన్నదే ముఖ్యం. క్యాబేజీలో 90 శాతానికి పైగా నీరే. ఉప్పు, పంచదార తగలగానే అది బయటికి ఊరుతుంది. పొడి నూడుల్స్ ఆ నీటిని పీల్చుకుని మెత్తబడతాయి. అందుకే తరిగిన క్యాబేజీని గుడ్డమీద తడి ఆరనిచ్చి, డ్రెస్సింగ్‌నూ నూడుల్స్‌నూ విడివిడి డబ్బాల్లో తీసుకెళ్లాలి. ముందే కలిపితేనే పులుపు పడుతుందనేవారి మాటా నిజమే. అలాంటివారు క్యాబేజీని అరగంట ఊరనిచ్చి, నూడుల్స్, బాదం మాత్రం వడ్డించే ముందు చల్లితే సరి.

ఉడకని నూడుల్స్ తినొచ్చా అని కొందరి సందేహం. జపాన్‌లో 1958లో మొమొఫుకు ఆందో అమ్మకానికి తెచ్చిన తరహా నూడుల్స్‌ను ఫ్యాక్టరీలోనే ఆవిరిపై ఉడికించి, నూనెలో వేయిస్తారు. కాబట్టి అవి పచ్చివి కావు. నూనె, ఉప్పు ఎక్కువన్న అభ్యంతరం మాత్రం సబబే. ఉప్పులో ఎక్కువ భాగం మసాలా పొట్లంలోనే ఉంటుంది. దాన్ని పక్కన పెట్టేయండి. కొన్ని పొట్లాల్లో మాంసం సారం కూడా ఉంటుంది గనుక, శాకాహారులు వచ్చే తెలుగువారి విందుల్లో ఆ జాగ్రత్త రెండిందాలా మంచిది.