పరిశోధన భారం కాదు, భృతి గల విద్య

ఇటీవల జుమా నమాజు ముగిశాక ఒక తండ్రి మమ్మల్ని అడిగారు: "మౌలానా సాహెబ్, మా అమ్మాయి కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ ముగించింది. పిహెచ్‌డి చేస్తానంటోంది. అంత ఫీజు ఎక్కడి నుంచి తేవాలి?" తెలిసినవారిని విచారించి మేము చెప్పిన జవాబు ఇది.

ఆ అమ్మాయి కోరుకున్నది గణన ఉత్ప్రేరక శాస్త్రం. తాను తరిగిపోకుండా రసాయన చర్యను వేగపరిచే పదార్థమే ఉత్ప్రేరకం. నీటి నుంచి హైడ్రోజన్ ఇంధనం తీసే ఒక రకం యంత్రాలలో ప్లాటినం, ఇరీడియం వాడుతారు. అవి అరుదైనవి, అతి ఖరీదైనవి. వాటికి బదులు చవకైన లోహాలు పనికివస్తాయేమో ముందుగా కంప్యూటరుపై లెక్కించి చూడటమే ఈ పరిశోధన. దీనికి ఆధారమైన సిద్ధాంతాన్ని రూపొందించిన వాల్టర్ కోన్‌కు 1998లో నోబెల్ బహుమతి లభించింది.

ఇక ఖర్చు సంగతి. సి.ఎస్.ఐ.ఆర్. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. సాధించి పరిశోధనలో చేరినవారికి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, పని సంతృప్తికరమైతే తరువాత 42,000 రూపాయల భృతి లభిస్తుంది. డెన్మార్క్, జర్మనీలలో పరిశోధక విద్యార్థులు సాధారణంగా వేతనం పొందే ఉద్యోగులే.

కావలసింది క్వాంటం రసాయనం, గణితం, పైథాన్ ప్రోగ్రామింగ్‌లపై పట్టు. అన్నిటికన్నా ముందు ఇంటివారి అనుమతి. తెలియని ఫీజుకు భయపడి దానిని నిరాకరించకండి.