వాల్తేరు షెడ్డులోని ఆ పద్దెనిమిది ఇంజన్లు

 కరెంటు రైలింజన్ల చరిత్రలో మన విజయనగరం జిల్లా పేరు వెతకాలంటే దక్షిణాన కొత్తవలసకు పోవాలి. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపేందుకు 1960లలో వేసిన కేకే లైను అక్కడే మెయిన్ లైను నుంచి చీలి, అనంతగిరి కొండలెక్కి కిరండూల్ చేరుతుంది. 1980ల మొదట్లో దాని మీద 25,000 వోల్టుల ఏసీ తీగలు వెలిశాయి.

ఇంజన్లకు ఇది కఠినమైన దారి. నిండు ఖనిజం బండి జగదల్‌పూర్ నుంచి ఎక్కుతూ సుమారు 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగూడకు రావాలి, ఆ తర్వాత ఘాట్‌లో దిగాలి. ఒక్క ఇంజను చాలదు, రెండో మూడో కట్టాల్సిందే.

అప్పటి ఇంజన్లలో ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలోని వేర్వేరు చోట్ల నుంచి కరెంటు తీసేవారు. డ్రైవరు ఒక చోటు నుంచి మరో చోటుకు (నాచ్) మార్చిన ప్రతిసారీ మోటారు బలం మెట్టులా ఒక్కసారిగా పెరిగేది. వానకు తడిసిన పట్టాల మీద ఆ కుదుపు చాలు, చక్రం జారడానికి.

1987-88లో వాల్తేరు షెడ్డుకు వ్యాగ్-6 తరగతి వచ్చింది: స్వీడన్‌లోని అసియా చేసినవి 6ఏ, జపాన్ హిటాచి చేసినవి 6బీ, 6సీ, ఒక్కో రకం ఆరు. ఒక్కొక్కటి 6,000 అశ్వశక్తి పైచిలుకు. వీటిలో ఆ పని థైరిస్టర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌ది. ఏసీ కరెంటులో సెకనుకు వంద అర్ధ తరంగాలు వస్తుంటే, ప్రతిదానిలో కోరిన క్షణానికి దారి తెరుస్తుంది. ఆలస్యంగా తెరిస్తే తక్కువ వోల్టేజి, ముందే తెరిస్తే ఎక్కువ. మెట్లుండవు, బలం సాఫీగా పెరుగుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది హిటాచి జంట. 6బీకి రెండేసి ఇరుసుల చట్రాలు మూడు, 6సీకి మూడేసి ఇరుసుల చట్రాలు రెండు. ఒకే కంపెనీవి, ఒకే దారి, కాళ్లు మాత్రం వేరు. మలుపుల్లో ఏది మేలో తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి పోటీ ఏముంటుంది?

అయినా పద్దెనిమిది దగ్గరే ఆ తరగతి ఆగిపోయింది. లోపం కొండది కాదు, ఇంజన్లది అంతకన్నా కాదు. ఈలోగా త్రీ-ఫేజ్ మోటార్లు వచ్చాయి. వాటికి బ్రష్‌లు లేవు, అరుగుదల తక్కువ. అసియా 1988లో స్విట్జర్లాండ్‌కు చెందిన బ్రౌన్ బొవేరితో కలిసి ఏబీబీ అయింది. ఆ ఏబీబీ నుంచే 1990లలో రైల్వే త్రీ-ఫేజ్ మోటార్ల వ్యాగ్-9 తీసుకుంది, 1998 నుంచి చిత్తరంజన్‌లో మనమే తయారు చేసుకుంటున్నాం.