పడవలో దాగిన విద్యుద్ఘటము

అమెరికా, కెనడా దేశములలోని మంచినీటి సరస్సులందును, పసిఫిక్ తీరపు ఉప్పునీటియందును గాలము వేయువారిలో అనేకులు చిన్న అల్యూమినియము పడవలు వాడుదురు. ఉక్కు సాంద్రత 7.8 కాగా అల్యూమినియము సాంద్రత 2.7 మాత్రమే. కావున ఇట్టి పడవను కారు వెనుక తగిలించిన బండిపై పెట్టుకొని ఒక్క మనిషి నీటికి తీసికొనిపోగలడు. పడవ రేకు మందము సాధారణముగా రెండు మూడు మిల్లీమీటర్లు.

పడవ కొన్నవాడు దానిని ఉన్నదున్నట్లు వాడుకొనడు. గాలపు కర్రను నిలిపి ఉంచు గొట్టము, సీసపు గుండును తీగతో లోతునకు దింపు గిలక, చేపల జాడ తెలుపు ధ్వనియంత్రము, బ్యాటరీతో నడచు చిన్న మోటారు ఒకదాని తరువాత ఒకటి బిగించును. అందుకై రేకులో రంధ్రములు తొలిచి బోల్టులు దింపవలెను. ఆ బోల్టు ఏ లోహముతో చేసినది అను ప్రశ్న దుకాణములో చాల చిన్నదిగా తోచును. ఒడ్డు కనబడనంత దూరమున పడవ అడుగున నీరు ఊరుట చూచినపుడు అంత చిన్నదిగా తోచదు.

1800లో వోల్టా రెండు వేర్వేరు లోహముల బిళ్ళల నడుమ ఉప్పునీట తడిపిన గుడ్డ ఉంచి విద్యుత్ప్రవాహమును పుట్టించెను. అల్యూమినియము పడవకు ఇత్తడి మరమేకు బిగించి సముద్రములో దింపినవాడు తనకు తెలియకయే ఆ ప్రయోగమును చేయుచున్నాడు. రెండు లోహములు ఒకదానినొకటి తాకుచున్నవి. రెంటిని ఉప్పునీరు తడుపుచున్నది. అల్యూమినియము ఎలక్ట్రానులను విడిచి అయానులుగా మారును. ఆ ఎలక్ట్రానులు ఇత్తడిలోనికి పోయి, దాని ఉపరితలమున నీటిలో కరిగిన ఆక్సిజనుతో చర్య జరుపును. మరమేకు చెక్కుచెదరదు, నష్టమంతయు పడవదే.

దీనిని తరగతిలో చూపవచ్చును. గ్లాసెడు ఉప్పునీటిలో ఒక అల్యూమినియము రేకుముక్కను, ఒక రాగి తీగను విడివిడిగా ముంచి వోల్టుమీటరుకు కలుపుడు. పట్టికలో అల్యూమినియము ప్రమాణ విభవము -1.66 వోల్టులు, రాగిది +0.34. భేదము 2 వోల్టులు కావలెను. మీటరు సుమారు అర వోల్టు మాత్రమే చూపును. మా విద్యార్థులు ఇచ్చటనే ఆగి, పుస్తకము తప్పా, మీటరు తప్పా అని అడుగుదురు. రెండును తప్పు కావు. గాలి తగిలిన అల్యూమినియముపై కొన్ని నానోమీటర్ల మందము గల ఆక్సైడు పొర వెంటనే ఏర్పడి, లోపలి లోహమును కప్పివేయును. ఆ పొరయే పడవకు రక్ష. ఉప్పులోని క్లోరైడు అయానులు దానిని అక్కడక్కడ ఛేదించును. అందుచే రేకు అంతటను సమముగా అరగదు. ఒకచోట గుంట పడి లోతునకు దిగును. పడవకు ఇదియే ఎక్కువ ప్రమాదము. రేకు అంతయు గట్టిగానే ఉండును, వాషరు క్రింద మాత్రము చిల్లు పడును.

ఈ చిక్కు అల్యూమినియము పుట్టుకకు ముందునుండియు ఉన్నది. 1761లో బ్రిటిషు నౌకాదళమువారు, కొయ్యను తొలుచు సముద్రపు పురుగుల బాధ తప్పించుటకు, 'అలారం' అను ఓడ అడుగును రాగి రేకులతో కప్పించిరి. 1763లో పరీక్షించగా, రాగిని తాకిన ఇనుప మేకులు తినివేయబడి ఉండెను. కొన్ని మేకులు మాత్రము చెడలేదు. రాగి రేకులకు చుట్టి వచ్చిన కాగితపు ముక్కలు వాని తలల క్రింద చిక్కుకొని, రెండు లోహములను కలియనీయలేదు. గాల్వానీ తన కప్ప కాళ్ళ ప్రయోగములను ప్రకటించినది 1791లో. అనగా కారణము తెలియుటకు 28 సంవత్సరముల ముందే నివారణోపాయము ఓడ అడుగున కనబడినది! నేడు ఆ కాగితపు పని నైలాను వాషరు చేయుచున్నది. మన ఊళ్ళలో కూడ అల్యూమినియము కరెంటు తీగకు రాగి తీగను నేరుగా మెలివేసిన కీలు త్వరగా చెడుననియు, అచ్చట రెండు లోహముల క్లాంపు వాడవలెననియు లైన్‌మెన్లు ఎరుగుదురు.

అట్లయిన పడవవారు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు ఏల వాడుదురు? అదియు పరాయి లోహమే కదా! అల్యూమినియము బోల్టులు ఈ పనికి చాలినంత గట్టివి కావు. అంతకంటె ముఖ్యమైనది వైశాల్యముల నిష్పత్తి. ప్రవాహము ఎంత అన్నది చాలవరకు స్టీలు వైశాల్యముపై ఆధారపడును. చిన్న స్టీలు బోల్టు, విశాలమైన అల్యూమినియము రేకు అయినచో నష్టము స్వల్పము. 'అలారం' ఓడలో ఇది తలక్రిందులైనది: విస్తారమైన రాగి, చిన్న ఇనుప మేకు. అయినను బోల్టు అంచున రేకు చెడకపోదు. కావున బోల్టు చుట్టు నైలాను తొడుగు, తల క్రింద నైలాను వాషరు, సందులో నీరు నిలువకుండ మెత్తని సీలెంటు తప్పనిసరి. కంచు బిగింపులు గల ధ్వనియంత్రమును ఈ పడవకు తగిలింపనేరాదు. పడవ వెనుక పలకకు ప్లాస్టిక్ బల్ల నొకదానిని అంటించి, యంత్రమును ఆ బల్లకు బిగించుట మేలు, రంధ్రములును తగ్గును.

బలము సంగతి కొంచెము. రెండు మిల్లీమీటర్ల రేకులో మరమేకుకు రెండు చుట్లకు మించి పట్టు దొరకదు. గిలక చేయి పొడవు ఒక మీటరు, బోల్టుల ఎడము 10 సెంటీమీటర్లు అయినచో, చేతి చివరి 5 కిలోల గుండు బోల్టు వద్ద 50 కిలోల బరువై లాగును. కావున రేకు వెనుక వెడల్పైన అల్యూమినియము పలక వేసి, బోల్టును రెంటిగుండ దూర్చి నట్టు బిగించవలెను.

అన్నిటికంటె వేగముగా పడవను తినునది బ్యాటరీ. కారులో బ్యాటరీ ఋణధ్రువమును ఇనుప చట్రమునకే కలుపుదురు. పడవలో రేకును తీగవలె వాడుకొనరాదు. రాకకు, పోకకు రెండు తీగలు ఉండవలెను. ఎందులకో ఫారడే సూత్రముతో లెక్కింపుడు. తొడుగు చిరిగిన తీగ వలన 0.1 ఆంపియరు రేకునుండి నీటిలోనికి పోవుచున్నదనుకొందము. 30 దినములకు అది 72 ఆంపియర్-గంటలు. ఒక ఆంపియర్-గంటకు 0.336 గ్రాముల అల్యూమినియము కరగును. మొత్తము 24 గ్రాములు, అనగా 9 ఘన సెంటీమీటర్లు. 2 మిల్లీమీటర్ల రేకులో ఇది 45 చదరపు సెంటీమీటర్ల చిల్లు! అరచేయి పట్టును.

పడవ అడుగున జారిపడిన వస్తువులును ఇట్టి పనియే చేయును. 1982కు పూర్వపు అమెరికా సెంటు నాణెములో 95 శాతము రాగి. తడిసిన రేకుపై అట్టిది కొన్ని నెలలు పడియున్నచో దాని క్రింద గుంట పడును. చెదలు పట్టకుండ రాగి లవణములు ఎక్కించిన ప్లైవుడ్‌తో పడవలో నేల వేయుటయు ప్రమాదమే. అందుచే పడవను ఒడ్డున పెట్టు కాలమున అడుగు శుభ్రముగా ఊడ్చి, బోల్టు బోల్టు చుట్టు వ్రేలితో తడవి చూడవలెను. రంగు ఉబ్బి, దాని క్రింద తెల్లని పొడి రాలినచో, ఆ బోల్టును అప్పుడే ఊడదీసి రంధ్రమును పరీక్షింపవలెను.